ఉన్నదానితోనే సూప్: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో ఊరికే ఒక మాట అన్నాను, ఇంట్లో ఉల్లిపాయ, ఉప్పు, నీళ్ళు, ఇంకో రెండు కూరగాయలు ఉంటే చాలు సూప్ కోసం ప్రత్యేకంగా ఏమీ కొనక్కర్లేదని. అంతే, ఉత్తరాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. సగం మంది చేసి చూసి బాగుందన్నారు, మిగతా సగం మంది చేసి చూసి నన్ను తిట్టారు. తిట్టినవాళ్ళవే ముందు తీసుకున్నాను, వాటిల్లోనే సరుకు ఎక్కువ ఉంది.

ప్రశ్న: అక్కా, మీ మాట నమ్మి ఫ్రిజ్‌లో ఉన్న క్యారెట్, సగం క్యాబేజీ, రెండు బంగాళదుంపలు, ఒక టమాటా, ఉల్లిపాయ అన్నీ కోసి గిన్నెలో వేసి నీళ్ళు పోసి అరగంట ఉడికించాను. ఉప్పు, మిరియాలపొడి కూడా వేశాను. వేడినీళ్ళలో కూరగాయలు ఈతకొడుతున్నట్టు ఉంది తప్ప సూప్‌లా లేదు. మా ఆయనైతే "వీటికి తలంటు పోశావా" అన్నాడు. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: మీ ఆయన సంగతి తర్వాత చూద్దాం చెల్లీ, ముందు గిన్నె సంగతి చూద్దాం. మీరు వేసినవాటిల్లో ఒక్క తప్పు కూడా లేదు, వేసిన వరసే తప్పు. అన్నీ ఒకేసారి నీళ్ళలోకి దింపేశారు కదా, ఇంక దేనికీ వేగే అవకాశమే రాలేదు. నీళ్ళు ఎంత మంట పెట్టినా 100 డిగ్రీలు దాటవు, ఉల్లిపాయ ఎర్రబడి ఆ కమ్మటి వాసన రావాలంటే దాదాపు 140 డిగ్రీలు కావాలి. ఎర్రబడటం వెనకున్న ఈ రసాయన చర్యని 1912లో లూయీ కామీ మయార్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త వివరించాడు, అందుకే దాన్ని మయార్ రియాక్షన్ అంటారు. ఆయన పేరు గుర్తుపెట్టుకోకపోయినా పర్లేదు, నీళ్ళలో ఏదీ వేగదు అన్నది గుర్తుంటే చాలు.

ఈసారి ఇలా చేయండి. అడుగు మందంగా ఉన్న గిన్నె తీసుకుని రెండు టేబుల్ స్పూన్ల నూనె గానీ వెన్న గానీ వేసి, సన్నగా కోసిన ఉల్లిపాయలు వేసి, వాటిమీద చిటికెడు ఉప్పు చల్లండి, ఉప్పు లోపలి నీరు బయటికి లాగేస్తుంది, తొందరగా మెత్తబడతాయి. మంట మధ్యస్థంగా ఉండాలి. ఇక్కడ కళ్ళకంటే చెవులు బాగా పనికొస్తాయి. మొదట్లో గట్టిగా చిటపటలాడుతుంది, అది నీరు ఆవిరవుతున్న చప్పుడు, ఏడెనిమిది నిమిషాలకి ఆ చప్పుడు తగ్గి మెల్లగా బుసబుసలాడుతున్నట్టు అవుతుంది, అప్పుడు గిన్నెలోకి చూస్తే ఉల్లిపాయ అద్దంలా పారదర్శకంగా ఉంటుంది, అడుగున లేత గోధుమరంగు పొర ఒకటి అంటుకుని ఉంటుంది. అయ్యో మాడుతోంది అని కంగారుపడి దింపేయకండి. క్యారెట్ ముక్కలు వేసి ఇంకో నాలుగైదు నిమిషాలు తిప్పండి, వెల్లుల్లి ఉంటే చివర్లో అర నిమిషం చాలు, అంతకు మించితే మాడి చేదొస్తుంది. ఇప్పుడు అరకప్పు నీళ్ళు పోసి చెక్క గరిటెతో ఆ అడుగు పొరని గీకండి. చూస్తుండగానే నీళ్ళు టీ రంగులోకి మారిపోతాయి. సూప్ రుచిలో సగం ఆ పొరలోనే ఉంది, చాలామంది దాన్నే గిన్నె కడిగేటప్పుడు సింక్‌లో పోసేస్తారు.

తర్వాత బంగాళదుంప ముక్కలు వేసి, వాటిమీద రెండు వేళ్ళ ఎత్తు వచ్చేలా నీళ్ళు పోసి, సన్నని మంటమీద పావుగంట ఉడకనివ్వండి. టమాటా మాత్రం అప్పుడే వేయొద్దు. పులుపు తగిలితే కూరగాయల గోడల్ని పట్టుకుని ఉండే పెక్టిన్ తొందరగా కరగదు, దుంప ఎంతసేపు ఉడికినా పంటికి గట్టిగానే తగులుతుంది. దుంప మెత్తబడ్డాక టమాటా వేసి ఏడెనిమిది నిమిషాలు ఉంచండి, క్యాబేజీ కూడా దాంతోపాటే. క్యాబేజీని అరగంట ఉడికిస్తే గంధకం వాసన మొదలై ఇల్లంతా తిరుగుతుంది, మీ ఇంట్లో తిరిగిందా లేదా మీరు రాయలేదు గానీ తిరిగే ఉంటుంది. ఆకుకూరలూ పచ్చి బఠాణీలూ ఏమన్నా ఉంటే స్టవ్ కట్టేసే ముందు రెండు మూడు నిమిషాలు చాలు, ఇంకాసేపు ఉంచితే పచ్చరంగు పోయి చెరువు నాచులా తయారవుతాయి.

చివర్లో ఐదారు దుంప ముక్కల్ని గిన్నె అంచుకి నొక్కి గరిటెతో మెదిపేయండి. అంతే, ఈతకొట్టడం ఆగిపోతుంది.

ప్రశ్న: చిక్కగా రావాలని మరుగుతున్న సూప్‌లో కార్న్‌ఫ్లోర్ వేశాను మేడమ్, గోళీల్లా ఉండలు కట్టాయి. ఎంత తిప్పినా కరగలేదు. కార్న్‌ఫ్లోర్ లేకుండా చిక్కగా రాదా?

జవాబు: భేషుగ్గా వస్తుంది, నన్నడిగితే అది లేకుండానే బాగుంటుంది. ఉండలు ఎందుకంటే పొడి వేడినీళ్ళలో పడగానే పైపొర జిగురైపోయి లోపలున్న పిండికి తాళం వేసేస్తుంది, ఇంక లోపలికి నీరు పోదు. వాడాలనుకుంటే లీటరు సూప్‌కి రెండు టేబుల్ స్పూన్లు చల్లటి నీళ్ళలో కలిపి, పాలలా అయ్యాక, సూప్ తిప్పుతూ సన్నగా పోయాలి, ఒక్క నిమిషం ఉడికితే చాలు. ఎక్కువసేపు మరిగించి గట్టిగా తిప్పుతూ ఉంటే మళ్ళీ పల్చబడిపోతుంది, అది ఇంకో తలనొప్పి.

లేకుండా అంటే, పైన చెప్పినట్టు దుంప మెదపడం ఒకటి. మిగిలిన అన్నం రెండు గరిటెలు వేసి పది నిమిషాలు ఉడికించి మిక్సీ పడితే క్రీమ్ పోశారా అని అడుగుతారు. ఎండిపోయిన బ్రెడ్ ముక్క ఉన్నా అంతే, ముంచి నానబెట్టి మెదిపేయడమే. నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఎర్ర మసూర్ పప్పు, నీళ్ళు పోసేటప్పుడే పావుకప్పు కడిగి పడేస్తే ఇరవై నిమిషాల్లో విచ్చిపోయి దానంతటదే చిక్కబడుతుంది, పైగా కడుపు నిండుతుంది. ఇవేవీ లేకపోతే మూత తీసేసి ఇంకాసేపు మరగనివ్వండి, కాకపోతే ఉప్పు అప్పటికే సరిపడా వేసేసి ఉంటే నీరు ఇగిరేకొద్దీ ఉప్పన కూడా పెరుగుతుంది.

ప్రశ్న: ఉప్పు ఎక్కువైతే ఒక బంగాళదుంప వేస్తే పీల్చేస్తుందంటారు, నిజమేనా పిన్నిగారూ? నేను వేశాను, దుంప కూడా ఉప్పగా అయింది, సూప్ కూడా ఉప్పగానే ఉంది.

జవాబు: మీరే ప్రయోగం చేసి మీరే జవాబు రాసేశారు! దుంపకి ఉప్పుని మాత్రమే ఏరుకుని తాగే తెలివి లేదు, ఉప్పునీళ్ళు తాగుతుంది. గిన్నెలో మిగిలిన నీళ్ళు ముందెంత ఉప్పగా ఉన్నాయో అంతే ఉప్పగా ఉంటాయి. దారి ఒక్కటే, నీళ్ళు పోసి పల్చన చేయడం, తర్వాత ఉప్పు లేకుండా ఉడికించిన పప్పో అన్నమో దుంపో వేసి మళ్ళీ చిక్కన చేయడం. కొంచెమే ఎక్కువైతే నాలుగు చుక్కల నిమ్మరసం, కాస్త వెన్న వేస్తే నాలుకకి తెలియదు, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు.

లెక్క కావాలంటే, లీటరు సూప్‌కి 8 నుంచి 10 గ్రాములు అంటే సుమారు ఒకటిన్నర టీస్పూను, అది కూడా మొత్తం ఒకేసారి వద్దు, సగం వేసి మిగతాది చివర్లో రుచి చూస్తూ వేయాలి. ఆ లెక్కన 250 మిల్లీలీటర్ల గిన్నెడు సూప్‌లోనే రెండు గ్రాములు లోపలికి పోతుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండమంటోంది. బీపీ ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే లీటరు సూప్‌కి 6 గ్రాముల దగ్గరే ఆగి, పులుపుతోనూ మిరియాలతోనూ నెట్టుకురండి. స్టాక్ క్యూబులు (కూరగాయల, ఎముకల రసం రుచి కోసం వేసే బిళ్ళలు) వాడేవాళ్ళైతే అసలు ఉప్పు డబ్బా ముట్టుకోకుండా ముందు రుచి చూడండి, ఆ క్యూబులో ఎక్కువభాగం ఉప్పే.

ప్రశ్న: అక్కా, ఉప్పు సరిపోయింది, కారం సరిపోయింది, చిక్కగానే ఉంది, అయినా ఏదో వెలితి. ఏంటో పట్టుకోలేకపోతున్నా.

జవాబు: పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆ వెలితి పులుపే. ఒక గరిటెడు సూప్ చిన్న కప్పులోకి తీసి రెండు చుక్కలు నిమ్మరసం పిండి తాగి చూడండి, తేడా తెలిస్తే గిన్నెకంతా వేయండి, లేదంటే కప్పుడే పోయింది. ఇలా కప్పులో పరీక్ష చేసుకోవడం అలవాటైతే గిన్నెడు సూప్ పాడుచేసుకోవడం ఉండదు.

పులుపు కాకపోతే ఇంకోటుంది. 1908లో కికునే ఇకెడా అనే జపాన్ ప్రొఫెసర్ సముద్రపు నాచు ఉడికించిన నీళ్ళు ఎందుకంత కమ్మగా ఉంటున్నాయో అని వెతికి, అది గ్లుటమేట్ అనే పదార్థం పని అని తేల్చి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. నాచు అక్కర్లేదు, అదే గ్లుటమేట్ పండిన టమాటాలో, పుట్టగొడుగుల్లో, పాతబడి గట్టిపడిన చీజ్‌లో, సోయాసాస్‌లో ఉంటుంది. చీజ్ ముక్క తినగా మిగిలిన గట్టి అంచుంటుంది చూడండి, దాన్ని సూప్‌లో వేసి ఉడికించి తర్వాత తీసి పడేయండి. మైనం పూత ఉంటే మాత్రం వద్దు. ఏదీ లేకపోతే టీస్పూను సోయాసాస్, ఎవరూ కనిపెట్టలేరు.

ప్రశ్న: టమాటా సూప్‌లో పాలు పోయగానే విరిగిపోయింది. పారబోయాలా? మళ్ళీ ఇలా కాకుండా ఏం చేయాలి?

జవాబు: పారబోయకండి, విరిగినా తినొచ్చు, మిక్సీలో గట్టిగా తిప్పితే ఆ పలుకులు చాలావరకు కలిసిపోతాయి. పాలల్లో కేసిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, పులుపు పెరిగి పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, పులుపు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) 4.6 దగ్గరికి వచ్చేసరికి ముద్దకట్టేస్తుంది, వేడి కూడా తోడైతే అంత పులుపు కూడా అక్కర్లేదు. టమాటా పులుపు సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంటుంది, ఇంక విరగక ఏం చేస్తాయి పాపం. ఈసారి లీటరు సూప్‌కి పావు టీస్పూను వంటసోడా ముందు వేయండి, బుస్సున పొంగుతుంది, కాబట్టి గిన్నె నిండా ఉన్నప్పుడు వేయొద్దు. నురగ తగ్గాక, స్టవ్ ఆపేసి, పాలు గోరువెచ్చగా చేసుకుని కొంచెంకొంచెంగా కలపండి, మళ్ళీ మరిగించొద్దు. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది సుమా. పాల బదులు చిక్కటి క్రీమ్ అయితే కొవ్వు ఎక్కువ కాబట్టి ఇంత గొడవ పెట్టదు.

ప్రశ్న: వేడి సూప్ మిక్సీలో వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు గానీ ముందు నా కథ వినండి. కొత్తలో ఒకసారి క్యారెట్ సూప్ స్టవ్ మీంచి దించి అలాగే జార్ నిండా పోసి మూత బిగించి బటన్ నొక్కాను. ఒక్క సెకను. మూత ఎగిరి పక్కన పడింది, సూప్ నా మణికట్టు మీద, గోడ మీద, మిగతాది సీలింగ్ మీద. మణికట్టు రెండు వారాల్లో మానింది, సీలింగ్ మీద నారింజరంగు మరక మాత్రం మళ్ళీ సున్నం వేసేదాకా అలాగే ఉంది. తప్పు మిక్సీది కాదు నాదే, లోపల తిరగడం మొదలవ్వగానే వేడి గాలి, ఆవిరి ఒక్కసారిగా వ్యాకోచించి మూతని తన్నేస్తాయి. కాబట్టి పది నిమిషాలు చల్లార్చి, జార్ సగానికి మించకుండా పోసి, మూత మధ్యలో చిన్న మూత ఉంటే అది తీసేసి, పైన మందపాటి గుడ్డ వేసి పట్టుకుని, తక్కువ స్పీడ్‌లో మొదలుపెట్టండి. మూతకి రంధ్రం లేని మిక్సీ అయితే గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాల్సిందే. పప్పుగుత్తితో మెదిపినా బాగానే ఉంటుంది, పలుకులు పలుకులుగా ఉన్న సూపే నాకిష్టం కూడా.

ప్రశ్న: స్లో కుక్కర్‌లో రాత్రంతా కూరగాయలతోపాటు ఎండు రాజ్మా గింజలు కూడా వేసి సూప్ చేయాలనుకుంటున్నాను. నానబెట్టకుండా నేరుగా వేయొచ్చా అక్కా?

జవాబు: వద్దు వద్దు, ఇది ఒక్కటి మాత్రం సరదాగా చెప్పను. పచ్చి రాజ్మాలో ఫైటోహిమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది, నాలుగైదు పచ్చి గింజలకే వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు, అదీ తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లోపే. స్లో కుక్కర్‌లో చాలాసార్లు మరిగేంత వేడి రాదు, అరకొర వేడికి ఆ విషం తగ్గకపోగా పెరగనూ వచ్చు. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో అరగంట తెర్లుతూ మరిగించి, ఆ తర్వాత దేంట్లో వేసుకున్నా మీ ఇష్టం. డబ్బాలో వచ్చే ఉడికించిన రాజ్మా అయితే ఈ బాధ లేదు. మసూర్ పప్పుకీ ఈ భయం అక్కర్లేదు.

దుంపల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, తొక్క ఆకుపచ్చగా మారి చేదుగా ఉన్న బంగాళదుంపని "సూప్‌లోకే కదా" అని వేసేయకండి. అందులో ఉండే సోలనిన్ అనే విషం ఉడికించినా పోదు. ఉన్నవాటితో సర్దుకోవడం అంటే పాడైనవాటితో సర్దుకోవడం కాదు కదా.

ప్రశ్న: కూరగాయల తొక్కలు, కాడలు మరిగించి స్టాక్ చేసుకోవచ్చని విన్నాను. ఏవి పనికొస్తాయి?

జవాబు: ఉల్లిపాయ పొట్టు (రంగు అద్భుతంగా వస్తుంది), క్యారెట్ చివర్లు, పుట్టగొడుగు కాడలు, టమాటా తొడిమ దగ్గరి ముక్కలు. ఫ్రీజర్‌లో ఒక కవర్ పెట్టుకుని అందులో పడేస్తూ ఉండండి, నిండాక కడిగి, చల్లటి నీళ్ళు పోసి ముప్పావు గంట సన్నగా మరిగించి వడకట్టడమే, అంతకు మించితే కూరగాయలకి చేదు తిరుగుతుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్ వద్దు, వాసన సంగతి పైన చెప్పాను. బీట్‌రూట్ తొక్క ఒక్కటి పడినా అన్నీ గులాబీరంగే, అది మీకు సరే అంటే నాకేం అభ్యంతరం లేదు. కోడి ఎముకలైతే మూడు నాలుగు గంటలు కావాలి, వాటిల్లో ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీన్ కరిగి, జెల్లీలా గడ్డకట్టే జెలటిన్ అవ్వడానికి ఆ టైమ్ పడుతుంది. మర్నాడు ఫ్రిజ్‌లోంచి తీస్తే జెల్లీలా వణికితే సరిగ్గా చేసినట్టు.

ప్రశ్న: పెద్ద గిన్నెడు చేసేసి రాత్రంతా స్టవ్ మీదే వదిలేసి పొద్దున్న మళ్ళీ మరిగిస్తే సరిపోదా? వేడిది ఫ్రిజ్‌లో పెట్టకూడదంటారుగా.

జవాబు: సరిపోదు. 4 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్యలో బ్యాక్టీరియాకి పండగ, పెద్ద గిన్నె నడిమధ్యలో సూప్ గంటలతరబడి అక్కడే ఉంటుంది. మరిగించినా చావని బీజాలు కొన్ని ఉంటాయి, చల్లారేటప్పుడు అవి లేచి కూర్చుంటాయి. అన్నం వేసిన సూప్‌లో ఇంకా జాగ్రత్త, బాసిలస్ సెరియస్ అనే బ్యాక్టీరియా వదిలే విషం మళ్ళీ మరిగించినా పోదు. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళిపోవాలి, వెడల్పాటి లోతు తక్కువ డబ్బాల్లోకి పంచేస్తే తొందరగా చల్లబడుతుంది, లేదా గిన్నెని చల్లనీళ్ళున్న సింక్‌లో పెట్టి తిప్పండి. మూడు నాలుగు రోజులు ఉంటుంది, తినేటప్పుడు తినేంతే తీసి పొగలు కక్కేలా మరిగించుకోండి. ఫ్రీజర్‌లో పెడితే డబ్బా నిండా పోయకండి, నీరు గడ్డకడితే 9 శాతం దాకా ఉబ్బుతుంది, గాజు సీసా అయితే పగుళ్ళే. దుంప ముక్కలు ఉన్న సూప్ ఫ్రీజ్ చేస్తే కరిగాక ఇసకలా అయిపోతుంది, మెదిపేసి పెట్టండి.

ప్రశ్న: జలుబు చేస్తే చికెన్ సూప్ తాగమంటారు, అది నిజంగా మందేనా?

జవాబు: మందు అనను. ఒంట్లో బాగోలేనివాళ్ళకి సూప్ పట్టించడం ఎప్పటినుంచో ఉంది, రెస్టారెంట్ అన్న మాటే 18వ శతాబ్దం పారిస్‌లో నీరసం పోగొట్టే చిక్కటి రసానికి పేరు, తర్వాత అది అమ్మే చోటుకి అంటుకుంది. 2000లో నెబ్రాస్కా యూనివర్సిటీ డాక్టర్లు చెస్ట్ అనే పత్రికలో చికెన్ సూప్ కొన్ని తెల్ల రక్తకణాల కదలికని తగ్గిస్తోందని రాశారు, కాకపోతే అది ల్యాబ్‌లో కణాల మీద చూసింది, మనుషుల జలుబు మీద కాదు. వేడి ఆవిరికి ముక్కు కాసేపు వదులవుతుంది, ఒంట్లోకి నీరూ ఉప్పూ వెళ్తాయి, గొంతుకి హాయిగా ఉంటుంది. నాకైతే ఆ మాత్రం చాలు, తాగండి.

ఈ పేజీ పంపించేసే టైమ్‌కి మొదటి ప్రశ్న అడిగిన చెల్లెలికి విడిగా ముందే రాసిన జవాబుకి మళ్ళీ ఉత్తరం వచ్చింది. "అక్కా, మీరు చెప్పినట్టే ఉల్లిపాయ వేయించాను, మధ్యలో ఫోన్ వస్తే మాట్లాడి వచ్చేసరికి సగం నల్లగా అయ్యాయి. గీకి నీళ్ళు పోసేయనా?" అని.

గీకొద్దు చెల్లీ. గోధుమరంగు పొర అయితే రుచి, నలుపైతే చేదు, ఆ చేదు ఎన్ని నీళ్ళు పోసినా సూప్ అంతా పాకుతుంది. గిన్నె నానబెట్టి, ఇంకో గిన్నె తీసి, ఇంకో ఉల్లిపాయ కోయండి. ఫోన్ ఈసారి పక్క గదిలో పెట్టండి.